రబ్బరు లేని కుక్కరూ, తిరుమల నుంచి దిగిన బావగారూ

ప్రశ్న:

అమ్మా, నమస్కారం. మాది కావలి. నా భార్య టీచరు. ట్రైనింగ్ ఉందని విజయవాడ వెళ్ళింది. ఇంట్లో నేనూ, మా నాన్నా ఇద్దరమే. వంట నేనే చేస్తున్నా. మా ఇద్దరికీ ఎట్టాగో జరిగిపోతోంది.

మొన్న శనివారం రాత్రి ఏడున్నరకి మా బావ (నా భార్య వాళ్ళన్న), అక్కయ్య, ఇద్దరు పిల్లలు తిరుమల నుంచి కారులో ఒంగోలు వెళ్తూ మా ఇంటి దగ్గర ఆగారు. నెల్లూరు దాటాక ఫోన్ చేసి చెప్పారు. ఏం చెయ్యొద్దు, చూసి పోతాం అన్నారు గానీ చిన్నోడు కూర్చోగానే "మామా, ఆకలి" అన్నాడు.

అప్పుడు ఇంట్లో ఉన్నవి ఇవి: పొద్దున ఎనిమిదింటికి వండిన అన్నం, పొయ్యి గట్టు మీదే ఉంది. ఫ్రిజ్‌లో మధ్యాహ్నం పప్పు సగం గిన్నె, ముందురోజు చేపల పులుసు, మూడు రోజుల నాటి ఇడ్లీ పిండి (బాగా పులిసింది), పెరుగు, రెండు దోసకాయలు, టమాటాలు, నిమ్మకాయలు.

చేపల పులుసు బాగా కుదిరింది కదా, బావకి పెడదామని ముందు అది వేడి చేశా. తీర్థం నుంచి వస్తున్నాం, ఇంటికి పోయిందాకా నీచు తినం అన్నారు. మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టేశా. అన్నం చాలదని కుక్కరు పెట్టా, మూతకి రబ్బరు వెయ్యడం మర్చిపోయా. విజిల్ కోసం చూస్తూ ఉంటే మాడు వాసన వచ్చింది. పప్పు వేడి చేసి ఉప్పు వేశా, అది మధ్యాహ్నమే వేసున్నా. తిరగమాతకి నూనె పెట్టి పిల్లోడితో మాట్లాడుతుంటే నూనె అంటుకుంది. కంగారులో గ్లాసుడు నీళ్ళు పోశా. మంట ఎగిసి కనుబొమ్మలు కాలాయి, చేతి మీద బొబ్బ లేచింది. టూత్‌పేస్టు రాసుకున్నా. ఆఖరికి అక్కయ్యే లోపలికొచ్చి పొద్దుటి అన్నంలో పెరుగు కలిపి, ఆవకాయ వేసి అందరికీ పెట్టింది.

వాళ్ళు వెళ్ళాక మా నాన్న "మగోళ్ళు వంటింట్లో దూరితే ఇట్టాగే ఉంటది" అన్నాడు. ఉన్నవాటితో ఆ రాత్రి ఏం చేసుండొచ్చు? అన్నం పులిహోర కలిపేస్తే సరిపోయేదా? ఉప్పెక్కిన పప్పునీ, మాడిన అన్నాన్నీ బాగుచేసే దారి ఉందా? ఇంటికొచ్చిన చుట్టాలకి మిగిలినవి పెట్టడం తప్పా?

— కావలి నుంచి ఒక పాఠకుడు

సమాధానం:

నాయనా, ముందు ఆ చెయ్యి సంగతి చూడు. బొబ్బని చిదమొద్దు. అది అరచేతి కన్నా పెద్దదైనా, చీము పట్టినా, కనుబొమ్మల దగ్గర చర్మం కూడా కాలినా ఇవాళే డాక్టరుకి చూపించు. ఇంకెప్పుడన్నా కాలితే టూత్‌పేస్టు, పసుపు, వెన్న లాంటివేవీ పుయ్యొద్దు. కాలిన చోట చల్లటి నీళ్ళు 20 నిమిషాల పాటు ధారగా పడాలి, అదే మందు. ఐసుగడ్డ కూడా పెట్టకూడదు. మన ఊళ్ళలో ఇంకో చిక్కుంది. ఎండాకాలం మిద్దె మీద ట్యాంకు నీళ్ళు సాయంత్రానికి కూడా పొగలు కక్కుతుంటాయి. కుళాయి తిప్పి చెయ్యి పెట్టే ముందు ఇంకో చేత్తో ముట్టుకొని చూడు. వేడిగా ఉంటే నీడన బకెట్‌లో పట్టి పెట్టిన నీళ్ళు చెంబుతో పోసుకో.

నూనె మంట మీద నీళ్ళు పోశావు చూడు, ఆ రాత్రి జరిగిన వాటిల్లో నేను గట్టిగా కేకలెయ్యాల్సింది ఆ ఒక్కదానికే. మిగతావి ఎవరింట్లోనైనా జరిగేవే. నీళ్ళు నూనె కన్నా బరువు కాబట్టి అడుక్కి దిగుతాయి. అక్కడి వేడికి క్షణంలో ఆవిరై 1,600 రెట్లకు పైగా ఉబ్బుతాయి. ఆ విసురుకి మండుతున్న నూనె తుంపరలై గాల్లోకి లేస్తుంది. అప్పుడు పిల్లాడితో మాట్లాడుతున్నానని నువ్వే రాశావు. నూనె అంటుకుంటే పొయ్యి కట్టెయ్, మూకుడు మీదకి పక్క నుంచి మూత జరుపు, పూర్తిగా చల్లారేదాకా ఆ మూత తియ్యకు. మూకుడు ఎత్తుకొని పెరట్లోకి పరిగెత్తడం కూడా ప్రమాదమే. తిరగమాతకి నూనె పొగ వచ్చేదాకా కాగనక్కర్లేదు. ఒక్క ఆవగింజ వేసి చూడు, చిటపటమంటే చాలు. నూనె పెట్టాక చుట్టాల కబుర్లు కూడా పొయ్యి దగ్గర నిలబడే చెప్పుకోవాలి. గ్యాస్ సంగతి కూడా ఇక్కడే చెప్తా. వాసన వస్తే ఏ స్విచ్చీ వెయ్యకు, ఆపకు. రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తెరిచి, అందరినీ బయటికి తీసుకొచ్చాక 1906కి ఫోన్ చెయ్యి.

ఇక విందు సంగతి. నీ దగ్గర లేనిదేం లేదు నాయనా. ఆరుగురికి కడుపునిండా పెట్టగలిగిన సరుకు నీ ఫ్రిజ్‌లోనే ఉంది. నీ కళ్ళు అన్నం గిన్నె దగ్గరే ఆగిపోయాయి. చుట్టం వస్తే అన్నం వండాలనే అలవాటు మనల్ని వదలదు. నెల్లూరు దాటాక ఫోన్ చేశారంటే వాళ్ళు కావలి చేరేలోపు నీకు ముప్పావు గంట చేతిలో ఉంది. ఆ ముప్పావు గంటలో ఏం చేశావో రాయలేదు. ఇల్లు ఊడ్చి, దుప్పట్లు మార్చి ఉంటావు. మగపిల్లలు చాలామంది అదే చేస్తారు. ఇల్లు ఎట్టా ఉన్నా బావ ఏమీ అనుకోడు. నువ్వు చెయ్యాల్సింది ఫ్రిజ్ తలుపు తీసి నిలబడి, ఏది మొదట పాడైపోతుందో, దేన్ని ఎవరు తింటారో చూసుకోవడం. తిరుమల నుంచా అని ఒక్క ముక్క అనుకొని ఉంటే చేపలు అక్కడే పక్కకి జరిగేవి. ఫోన్‌లోనే "నీచు తింటారా బావా?" అని అడగొచ్చు, మొహమాటం ఏముంది? కొందరు కొండ దిగగానే తింటారు, కొందరు ఇంట్లో దీపం పెట్టాకే ముడతారు.

మిగిలినవాటితో భోజనం పెట్టేటప్పుడు నేను పట్టుకొనేది ఒక్కటే. విస్తట్లో ఒక్కటన్నా అప్పటికప్పుడు పొయ్యి మీంచి దిగాలి. అంతకు మించి కొత్తగా మొదలుపెట్టకూడదు. ఆ ఒక్కటీ వేడివేడిగా ఉంటే పక్కన ఉన్న మధ్యాహ్నపు పప్పుని ఎవరూ తప్పు పట్టరు. నువ్వు చేపలు, అన్నం, పప్పు, తిరగమాత అంటూ నాలుగు ఒకేసారి మొదలుపెట్టావు. రోజూ ఇద్దరికి వండే చెయ్యి ఒక్కసారిగా నాలుగు పొయ్యిలు చూసుకోలేదు.

నేనైతే ఆ ఒక్కటీ ఇడ్లీ పిండిలో వెతికేదాన్ని. పులిసిందని నువ్వు దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. పులిసిన పిండి ఇడ్లీకి పనికిరాదు గానీ దిబ్బరొట్టెకి అంతకన్నా మంచిది లేదు. పిండి ముందు వాసన చూడు. పుల్లటి వాసన ఉంటే ఫరవాలేదు. కుళ్ళు వాసన వచ్చినా, పైన గులాబీ రంగు, నారింజ రంగు, నల్ల మచ్చలు ఏవి కనిపించినా పైపైన తీసేసి వాడొద్దు, మొత్తం పారెయ్యి. బాగుంటే అందులో గుప్పెడు బొంబాయి రవ్వో, బియ్యప్పిండో కలుపు, పులుపు కాస్త తగ్గుతుంది. ఉల్లిపాయ, పచ్చిమిరప, అల్లం సన్నగా తరిగి, జీలకర్ర వేసి కలుపు. ఉప్పు ముందే వేసి ఉందేమో నాలిక మీద చుక్క పెట్టి చూశాకే డబ్బా మూత తియ్యి. పిండిలో సోడా వెయ్యమనే వాళ్ళుంటారు. చిటికెడు వేస్తే పులుపు చచ్చే మాట నిజమే గానీ, కంగారులో ఉన్న చేతికి చిటికె ఎంతో తెలీదు. నువ్వు సోడా జోలికి పోవద్దు.

మందపాటి ఇనప మూకుట్లో మూడు చెంచాల నూనె వేసి, కాగాక పిండి అంగుళం మందాన పొయ్యి. మూత పెట్టి మంట బాగా తగ్గించు. పది నిమిషాలకి అంచులు ఎర్రగా విడిపడతాయి, పైన తడి ఆరుతుంది. అప్పుడు తిరగేసి మూత లేకుండా ఇంకో ఐదు నిమిషాలు ఉంచు. తిరగెయ్యడం భయమైతే పళ్ళెం మూతగా పెట్టి బోర్లించి, పళ్ళెంలోంచి మళ్ళీ మూకుట్లోకి జార్చు. విరిగినా ఏం కాదు, ఎట్టాగూ ముక్కలు కోసే పెడతావు. పిల్లలున్నారు కాబట్టి ఇంట్లో గుంతల పెనం ఉంటే అదే పిండితో పొంగణాలు వేసినా సరే. చిన్నోడు ఆకలి అన్న పావుగంటలో వాడి పళ్ళెంలో నాలుగు పడేవి. రొట్టెలో ఉన్న సుఖం ఏందంటే, మూత పెట్టాక అది నీతో పని పెట్టుకోదు. ఆ పది నిమిషాలూ పప్పు దగ్గరికి పోవచ్చు.

సగం గిన్నె పప్పు ఆరుగురికి పప్పుగా చాలదు, పప్పుచారుగా ధారాళంగా సరిపోతుంది. నిమ్మకాయంత చింతపండు వేణ్నీళ్ళలో నానేసి పిసుకు. రెండు టమాటాలు, ఉల్లిపాయ, పచ్చిమిరప చీలికలు ఆ పులుసులో మగ్గనివ్వు. పప్పు మెదిపి అందులో కలిపి, ఇంకో మూడు గ్లాసుల నీళ్ళు పోసి బాగా తెర్లనివ్వు. చిన్న బెల్లం ముక్క వెయ్యి. వెల్లుల్లి, ఎండుమిరప, మెంతులు, ఇంగువతో తిరగమాత. ఉప్పెక్కిన పప్పుకి కూడా మందు ఇదే అని గమనించావా? నువ్వు రెండోసారి వేసిన ఉప్పు ఆ మూడు గ్లాసుల నీళ్ళకి సరిపోయేది. ఆ ఉప్పు పప్పుని ఏం చేశావో రాయలేదు, పారేసి ఉంటావనుకుంటున్నా.

ఉప్పెక్కిన దాంట్లో బంగాళదుంప వేస్తే ఉప్పు పీల్చుకుంటుందని చాలామంది చెప్తారు. దుంప ఉప్పుని ఏరుకొని తాగదు, ఉప్పు నీళ్ళని తాగుతుంది. కూరలో నీళ్ళు తగ్గుతాయి, ఉప్పదనం మాత్రం అట్నే ఉంటుంది. దుంప ముక్కలు వేసి, వాటికి తగ్గ నీళ్ళు కూడా పోస్తే పని చేస్తుంది. కూర మొత్తం పెరిగింది కాబట్టి ఉప్పు పలచబడింది, అంతే. పులుసైతే నీళ్ళు పొయ్యి, వేపుడైతే ఉప్పు వెయ్యని ఇంకో కూరగాయ కలుపు, ఇగురైతే కొబ్బరో, పెరుగో వెయ్యి. నిమ్మకాయ పిండితే నాలికకి ఉప్పు కొంచెం తక్కువనిపిస్తుంది గానీ ఉప్పు ఎక్కడికీ పోదు. బీపీ ఉన్న పెద్దవాళ్ళకి ఆ మాయ వద్దు. కారం ఎక్కువైతే నీళ్ళు కలిపి లాభం లేదు, మిరప ఘాటు నీళ్ళలో కరగదు. పెరుగు, కొబ్బరిపాలు, నెయ్యి వాడు. తిరగమాత మాడి మెంతులు నల్లబడితే దాన్ని పప్పులో వెయ్యనే వెయ్యకు. రెండు చెంచాల నూనె పోతే పోనియ్.

దోసకాయలు తొక్క తీసి, ముందు ప్రతి కాయలో చిన్న ముక్క నోట్లో వేసుకొని చూడు. చేదు కాయని వండినా చేదు పోదు. గట్టి చేదుంటే కడుపులో వికారం, విరేచనాలు కూడా పట్టుకుంటాయి, పారెయ్యడమే. మంచి కాయైతే గింజ తీసి సన్నగా తరిగిపెట్టుకో. మినప్పప్పు, ఎండుమిరప, కాసిని మెంతులు వేయించి, చింతపండు, ఉప్పుతో కచ్చాపచ్చాగా నూరి ఆ పచ్చి ముక్కల్లో కలిపితే దోసకాయ పచ్చడి. రొట్టెకీ బాగుంటుంది, అన్నానికీ బాగుంటుంది. పెరుగు చిలికి అల్లం, కరివేపాకు వేస్తే మజ్జిగ. తీపి సంగతి నువ్వు చూడనక్కర్లేదు, తిరుమల నుంచి వచ్చేవాళ్ళ సంచిలో లడ్డు ప్రసాదం ఎట్టాగూ ఉంటుంది. రొట్టె, పప్పుచారు, పచ్చడి, మజ్జిగ. మీ నాన్నగారికి అన్నం పడకపోతే తోచదంటావా, ఒక్క గ్లాసు బియ్యం పెట్టు. ఎనిమిదిన్నరకి అందరూ తిని లేచేవాళ్ళు.

పొద్దుటి అన్నాన్ని ఈ లెక్కలో ఎందుకు చేర్చలేదంటావా? పులిహోర కలిపి ఉంటే సరిపోయేదా అని అడిగావు. లేదు, సరిపోదు. ఈ మాట చాలా ఇళ్ళలో మింగుడుపడదని నాకు తెలుసు. ఎనిమిదింటికి దించిన అన్నం ఈ ఎండల్లో రాత్రి ఏడున్నర దాకా గట్టు మీద ఉందంటే పదకొండున్నర గంటలు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలుంటాయి. అవి ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా ఉండిపోతే మొలకెత్తి పెరిగి విషం వదులుతాయి. ఆ విషాల్లో ఒకటి మళ్ళీ వేడి చేసినా పోదు, కుక్కరు వేడికి కూడా విరగదు. తిన్న గంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు మొదలవుతాయి. చింతపండు పులుసు పోసినంత మాత్రాన అప్పటికే చేరిన విషం ఎక్కడికి పోతుంది? ప్రయాణాలకి కట్టే పులిహోర అప్పుడే దించిన అన్నంతో, పులుపూ నూనే దండిగా వేసి కలిపింది. అది వేరు, పొద్దస్తమానం గిన్నెలో మగ్గిన అన్నం వేరు. వాసన బాగానే ఉంది కదా అనొద్దు, ఆ విషానికి వాసన లేదు. ఆ రాత్రి పెరుగన్నం తిన్న ఎవరికీ ఏం కాలేదని నీ ఉత్తరాన్ని బట్టి అర్థమైంది, సంతోషం. కానీ ఆ అన్నం ఎప్పటిదో అక్కయ్యకి తెలిసే అవకాశం లేదు. గిన్నె ఆమె చేతికి ఇచ్చేటప్పుడు నువ్వు చెప్పాలి.

వండిన పదార్థం ఏదైనా రెండు గంటలకి మించి బయట ఉంచొద్దనీ, 5 డిగ్రీల లోపు చల్లదనంలోనో, 60 డిగ్రీల పైన వేడిలోనో ఉంచమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. రోహిణి కార్తెలో మన వంటిళ్ళ వేడికి నేనైతే గంటే అంటాను. తినడం అయ్యాక మిగిలిన అన్నం వెడల్పాటి పళ్ళెంలో పరిచి ఫ్యాను కింద పెట్టు. పావుగంటలో చల్లారుతుంది, అప్పుడు డబ్బాలోకి ఎత్తి ఫ్రిజ్‌లో పెట్టు. వేడి గిన్నె మూతతో సహా లోపల పెడితే నడిమధ్య అన్నం గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది.

అట్టా దాచిన అన్నమైతే పులిహోరకి బ్రహ్మాండం. ఫ్రిజ్‌లో అన్నం బిగుసుకుంటుంది కాబట్టి మెతుకు మెతుకు విడిగా ఉంటుంది. చెయ్యి తడి చేసుకొని ఉండలు విడదీసి, మూకుట్లో రెండు చెంచాల నీళ్ళు చిలకరించి మూతపెట్టి పొగలొచ్చేదాకా వేడి చెయ్యి. వేరుశెనగపప్పు, శెనగపప్పు, పచ్చిమిరప, పసుపుతో తిరగమాత పెట్టి కలుపు. నిమ్మరసం మాత్రం పొయ్యి కట్టేశాకే పిండాలి, నిప్పు మీద పిండితే చేదు తిరుగుతుంది. గూడూరు, పొదలకూరు తోటల పక్కన ఉండి నిమ్మకాయలకి కరువేముంది మనకి.

చద్దన్నం తిని పెరిగిన వాళ్ళం కాదా అని మీ నాన్నగారు అంటారు, నిజమే. చద్ది అంటే రాత్రి అన్నం చల్లారగానే నీళ్ళు పోసి ఉంచేది. తెల్లారేసరికి పులుస్తుంది, ఆ పులుపే చెడ్డ క్రిములని చాలావరకు ఎదగనివ్వదు. పొడిగా మూతపెట్టి వదిలేసిన అన్నానికి ఆ కాపలా లేదు. రేపట్నుంచి రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి, పొద్దున మజ్జిగ, ఉల్లిపాయతో ఆయనకి పెట్టి చూడు. నీళ్ళు జిగురుగా సాగితే మాత్రం పెట్టొద్దు.

కుక్కరు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రబ్బరు లేకపోతే ఆవిరి మూత చుట్టూ జారిపోతుంది. లోపల 120 డిగ్రీల దాకా ఎక్కాల్సిన వేడి 100 దగ్గరే నిలిచిపోతుంది, నీళ్ళు మాత్రం ఇగిరిపోతూనే ఉంటాయి. పైన పలుకు, అడుగున మాడు. విజిల్ కోసం చెవులు రిక్కించి కూర్చోవద్దు, కళ్ళతో చూడు. పెద్ద మంట మీద ఆరేడు నిమిషాలకి మూత అంచుల నుంచి ఆవిరి, నీటి చుక్కలు కారుతుంటే కట్టేసి, ఆవిరంతా పోయాక మూత తియ్యి. మాడిన అన్నంలో గరిటె పెట్టి కలిపితే వాసన మొత్తానికీ అంటుతుంది. అడుగు కదలకుండా పై అన్నం ఇంకో గిన్నెలోకి తియ్యి. పలుకుగా ఉంటే కాగే నీళ్ళు చిలకరించి, తడిపి పిండిన పలచటి గుడ్డ కప్పి, మూతపెట్టి సన్న సెగ మీద ఎనిమిది నిమిషాలు ఉంచు. గుడ్డ కొసలు మూత మీదకి మడవడం మర్చిపోకు, లేకపోతే ఆ రాత్రి రెండో మంట చూసేవాడివి. మెతుకు గోధుమరంగుకి తిరిగితే దాన్ని ఇంకెవరూ బాగు చెయ్యలేరు. కొత్త బియ్యం వచ్చే రోజులు కూడా ఇవి. నెల్లూరు మసూరి అయినా, బాపట్ల సాంబ మసూరి అయినా కొత్తవి నీళ్ళు తక్కువ తాగుతాయి. గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్ళకి కాస్త వెలితిగా పోసి చూసుకో.

చేపల పులుసు రెండో రోజుకే రుచి, అది నెల్లూరోళ్ళకి ఒకరు చెప్పాలా? పులుపూ ఉప్పూ ముక్క లోపలికి దిగేది అప్పుడే. నువ్వు చేసిన దాంట్లో నాకు నచ్చనిదల్లా గిన్నె మొత్తం కాచి, మళ్ళీ మొత్తం లోపల పెట్టడం. ఎంత తింటారో అంతే చిన్న గిన్నెలోకి తీసుకొని, గరిటె పెట్టకుండా గిన్నెనే అటూ ఇటూ తిప్పుతూ బాగా తెర్లనివ్వాలి. మిగతాది చల్లగానే ఉండాలి. పులుపు వస్తువు కాబట్టి సత్తు గిన్నెలో దాచొద్దు. గాజుదో, స్టీలుదో, మట్టి చట్టో అయితే మంచిది. వండిన మూడోరోజు లోపు తినెయ్. ముక్కలు అయిపోయాక మిగిలే పులుసుని తెల్లారి దోశలతో తిను. ఆ జత తెలియని వాళ్ళకి చెప్పినా అర్థం కాదు.

చుట్టాలకి మిగిలినవి పెట్టడం తప్పా అని అడిగావు. పైన చెప్పినట్టు దాచిన పదార్థమైతే తప్పేం లేదు. "మధ్యాహ్నం పప్పుంది అక్కయ్యా, చారు కాస్తా" అని చెప్పి పెట్టు. చెప్పకుండా పెట్టి, వాళ్ళే కనిపెడితే అది అవమానం. ఇంకో సంగతి. కడుపుతో ఉన్న ఆడపిల్ల, పాలు తాగే వయసు దాటీ దాటని పిల్లలు, జబ్బు చేసి లేచినవాళ్ళు ఉంటే వాళ్ళ మటుకు కొత్తగానే వండు, గుప్పెడు పెసరపప్పు వేసి కిచిడీ అయినా సరే. అక్కయ్య లోపలికి వచ్చి చెయ్యి వేసిందని నువ్వు సిగ్గుపడుతున్నట్టు కనిపిస్తోంది. ఆమె పరాయిదా? ఒంగోలు చేరడానికి ఇంకా గంటకి పైగా ప్రయాణం ఉంది, పిల్లలు ఆకలి మీదున్నారు, కుర్చీలో కూర్చొని నిన్ను చూస్తూ ఉంటుందా? ఈసారి ఆమె వస్తే నువ్వే పిలువు. దోసకాయ తరగమను, రొట్టె మాత్రం నువ్వు వెయ్యి.

మీ నాన్నగారి మాటకి జవాబు చెప్పమని నువ్వు అడగలేదు గానీ, అది నిన్ను గుచ్చుకుందని తెలుస్తూనే ఉంది. మన పెళ్ళిళ్ళలో గాడిపొయ్యిల దగ్గర గంగాళాలు దించేది ఎవరు? ట్రంకు రోడ్డు మీద హోటళ్ళలో పొద్దున్నే కారం దోశలు పోసేది ఎవరు? ఆయన ఆ దోశలు తిన్నప్పుడెప్పుడూ ఈ మాట అని ఉండడు. అయినా ఎదురు చెప్పి గెలవాల్సిన పని లేదు. రేపు సాయంత్రం పప్పుచారు పెట్టేటప్పుడు ఆయన ముందు చింతపండు గిన్నె, వెల్లుల్లి పాయ పెట్టి, పులుసు పిసికి ఇమ్మను, రెబ్బలు ఒలిచి పెట్టమను. ఉప్పు చూసే పని కూడా ఆయనకే ఇచ్చెయ్.